గర్భసంచి తియ్యకుంటనే క్యాన్సర్‌ను మాన్పిన మందు: యల్లాప్రగడ సుబ్బారావు ముచ్చట

బాన్సువాడల పెద్ద మందుల దుకాణంకు పోయి మెథోట్రెక్సేట్ గోలీ అడుగున్రి. ఉంటది. కీళ్లవాతంతోటి వేళ్లు వంకరపోయిన అవ్వలు, సోరియాసిస్‌తోటి ఒళ్లంత పొలుసులు లేసినోళ్లు వారానికి ఒక్కపారే ఏసుకునే గోలీ అది. వారానికి ఒక్కపారే అన్నది యాది పెట్టుకోన్రి. తెల్వక దినాం ఏసుకుంటే పానం మీదికొస్తది. ఈ చిన్న గోలీ అసలు క్యాన్సర్ మందు. ఒంట్లె గడ్డ కట్టే క్యాన్సర్లల్ల ఒకదాన్ని ఒట్టి మందుతోటే పూర్తిగ మాన్పొచ్చని దునియాకు మొదటిపారి చూపెట్టింది గిదే. ఆ క్యాన్సర్ పుట్టేది ఆడోళ్ల గర్భసంచిల. ఆ మందును తయారుచేసిన జట్టును నడిపించినాయన మన తెలుగాయన, యల్లాప్రగడ సుబ్బారావు.

భీమవరం ఇప్పుడు పక్క రాష్ట్రం. అయినా ఆయన గురించి బాన్సువాడల, బీర్కూర్ల, నిజాంసాగర్ ఆయకట్టు ఊర్లల్ల ఉన్న పోరగాండ్లకు తెల్వాలె. ఎందుకో చివరిదాకా చదివితే సమజైతది.

1895 జనవరి 12న పుట్టిండు. నాయన సుస్తీతోటి కొలువు ముందే ఇడిసిండు. ఇంటి నిండ పిల్లలు, చేతిల పైసల్లేవు. 13 ఏండ్ల వయసుల కాశీకి పారిపోయి, అక్కడికొచ్చే యాత్రికులకు అరటిపండ్లు అమ్మి సంపాయించాలనుకున్నడు. అవ్వ ఎంకమ్మ మనిషిని పంపి పట్టుకొచ్చింది. మెట్రిక్ మూడోపారికి గాని గట్టెక్కలే. ఇంటర్‌ల, నీట్‌ల ఒక్కపారి పోతెనే ఇంట్ల ముఖం చూపెట్టలేక తిరిగే తమ్ముళ్లు ఈ మూడోపారి సంగతి మళ్లోసారి చదువున్రి. ఆ తర్వాత రామకృష్ణ మఠంల సన్యాసం తీసుకుంటనన్నడు. అవ్వ ఒప్పుకోలే. అట్ల మద్రాస్ మెడికల్ కాలేజీల చేరిండు. ఫీజులకు పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేసిండు.

గాంధీ ఇదేశీ బట్టలు ఇడవమన్న దినాలవి. ఈయన ఆపరేషన్ గదిలకు కూడ ఖద్దరు అంగీ ఏసుకొని పోయిండు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలే. పరీక్షలు మంచిగనే రాసినా ఎంబీబీఎస్ ఇయ్యక, తక్కువ రకం ఎల్ఎంఎస్ పట్టా చేతిల పెట్టిన్రు. దాంతోటి సర్కార్ నౌకరి రాలే. మద్రాస్‌ల ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కాలేజీల శరీర శాస్త్రం పాఠాలు చెప్పుకుంట బతికిండు. ఈలోపల ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే రోగంతోటి పోయిన్రు. తిన్నది ఒంటికి పట్టదు, నాలుక పూసిపోతది, నెత్తురు తగ్గిపోతది, మనిషి ఎండిపోతడు. ఆయనకూ అదే రోగం అంటుకుంది, లక్ష్మీపతి వైద్యంతోటి బతికిండు.

30 ఏండ్లు నిండకముందే అమెరికా ఓడెక్కిండు. దారి ఖర్చుకు మామ పైసలిచ్చిండు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడుంటనన్నది. పెండ్లాం శేషగిరిని పుట్టింట్ల వదిలిపోయిండు. మూడేండ్లల్ల తిరిగొస్తననుకొని పోయిన మనిషి మళ్ల రాలే. ఆయన పోయినంక పుట్టిన కొడుకు పసితనంలనే సచ్చిపోయిండు. కొడుకు ముఖం తండ్రి చూడలే. మందు దొరికిందని మనం సంబరపడొచ్చు గని, శేషగిరి ఎదురుచూసిన ఏండ్లను ఏ ఖాతాల రాస్తం? ఆయన జీవితం రాసేటోళ్లు ఈ సంగతిని ఒక్క లైన్‌ల దాటేస్తరు. నాకు అది సరైంది అనిపియ్యదు.

బోస్టన్‌ల మద్రాస్ పట్టా చెల్లలే. ఓ దవాఖానల రాత్రిపూట కూలి పని దొరికింది. రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తిపోసుడు. పగలు హార్వర్డ్‌ల సదువు. సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్‌తోటి కలిసి 1925ల నెత్తుట్ల, మూత్రంల భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టిండు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతోటి అది లేబుల్లల్ల, పుస్తకాలల్ల ఇప్పటికీ ఉంది. 1927ల ఫాస్ఫోక్రియాటిన్, 1929ల ఏటీపీ. ఇంటర్ బైపీసీల బట్టీ పట్టే ఏటీపీ ఉంది సూడు, ఒంటికి బలమిచ్చే నాణెం, గదే. అదే ఏడు జర్మనీల లోమన్ కూడ దాన్ని పట్టుకున్నడు. 1930ల పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌ల పక్కా ఉద్యోగం ఇయ్యలే. 1940ల న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌ల ఉన్న లెడర్లీ కంపెనీకి మారిండు. కొద్ది కాలంలనే అక్కడి పరిశోధనంత ఆయన చేతికిందికొచ్చింది.

ఇక్కన్నుంచి అసలు కథ. దానికంటే ముందు బొంబాయికి పోవాలె. 1920ల ఆఖర్ల లూసీ విల్స్ అనే ఇంగ్లీష్ డాక్టరమ్మ బొంబాయి బట్టల మిల్లులల్ల పనిచేసే కడుపుతోటున్న ఆడోళ్లను చూసింది. నెత్తురు లేక తెల్లగ పాలిపోయి, కాన్పుల సచ్చిపోతున్నరు. ఈస్ట్‌తోటి చేసిన ఓ చౌక లేపనం తినిపిస్తే నెత్తురు పట్టింది. దాంట్ల ఏదో ఉందని తేలింది, అదేందో తెల్వది. 1941ల పాలకూర ఆకుల నుంచి తీసి దానికి ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టిన్రు. టన్నులకొద్ది ఆకు పిండితే చిటికెడు వస్తది, అంత దానితోటి రోగులకు ఏం పెడ్తరు? సుబ్బారావు జట్టు 1945ల దాన్ని లేబుల తయారుచేసే దారి చూపెట్టింది. ఇయ్యాల మీ ఊర్ల ఆశ అక్క కడుపుతోటున్న కోడలికి ఇచ్చే ఐరన్ గోలీల ఉన్న ఫోలిక్ ఆసిడ్ గిదే. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు కూడ మందు గిదే అయ్యింది. వాళ్లు పోయిన ఇరవై ఏండ్లు దాటినంక.

బోధకాలుకు సర్కారోళ్లు ఇంటింటికొచ్చి మింగిచ్చిన డీఈసీ గోలీ యాదున్నదా? అది కూడ ఆయన కాలంల లెడర్లీల పుట్టిందే. ఆయన పిలిచి పనిల పెట్టిన బెంజమిన్ డగ్గర్ అనే ముసలాయన మట్టి నుంచి ఆరియోమైసిన్ తీసిండు, టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంల మొదటిది అది.

మళ్ల ఫోలిక్ ఆసిడ్ దగ్గరికి వద్దాం. ఒంట్లె కణం రెండైతాంటే డీఎన్ఏ కొత్తది తయారుకావాలె. దానికి ఫోలిక్ ఆసిడ్ ఉండాలె. క్యాన్సర్ కణం ఆగకుంట రెండు, నాలుగు, ఎనిమిది అయితనే ఉంటది కాబట్టి దానికి మస్తు కావాలె. మరి అచ్చం ఫోలిక్ ఆసిడ్ లెక్కనే కనపడే నకిలీ సరుకు దానికి అందిస్తే? తాళంల దొంగ తాళంచెవి ఇరికినట్టు, కణం పని అక్కడ్నే ఆగుతది. అట్ల తయారైనయే అమినోప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. బోస్టన్‌ల సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ నెత్తురు క్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే, 16 మందిల 10 మందికి కొన్నాళ్లు నిమ్మలమైంది. 1948 జూన్‌ల అది అచ్చయింది. రెండు నెలలకే, ఆగస్టుల, సుబ్బారావు నిద్రలనే గుండె ఆగి పోయిండు. 53 ఏండ్లు. అప్పటిదాకా అమెరికా పౌరసత్వం తీసుకోలే.

గర్భసంచి ముచ్చట ఆయన పోయినంకనే మొదలైంది.

కొందరికి నెల తప్పుతది గని కడుపుల పిల్ల ఉండది. మాయ ఒక్కటే ద్రాక్షగుత్తి లెక్క బుడగలు బుడగలుగ పెరుగుతది. ముత్యాల గర్భం అంటరు దాన్ని. ఆగని వాంతులు, నెలలకు మించి పెరిగిన కడుపు, రెండో మూడో నెలల నెత్తురు పోవుడు దాని గుర్తులు. శుభ్రం చేసి తీసేస్తే చానామందికి అక్కడ్నే ఒడుస్తది. పూర్తి ముత్యాల గర్భం అయినోళ్లల్ల మాత్రం నూటికి 15 నుంచి 20 మందికి లోపల మిగిలిన కణాలు మళ్ల పెరుగుతయి. కొన్ని కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ అయితయి. ముత్యాల గర్భం తర్వాతనే కాదు, మామూలు కాన్పు, గర్భం పోవుడు తర్వాత కూడ వస్తది. నెత్తుట్ల పడి ఊపిరితిత్తులకు, మెదడుకు ఎక్కుతది. 1950లకు ముందు అట్ల ఎక్కితే గర్భసంచి తీసేసినా, ఏడాది దాటి బతికేటోళ్లు అరుదు. చచ్చేది ఇరవై, ఇరవై అయిదేండ్ల తల్లులు.

1950ల నడుమ అమెరికా సర్కార్ పరిశోధన సంస్థల మిన్ చియు లీ అనే చైనా డాక్టర్, రాయ్ హెర్ట్జ్‌తోటి కలిసి, ఊపిరితిత్తులల్ల నెత్తురు పోయి సావుకు దగ్గరైన ఓ యువతికి మెథోట్రెక్సేట్ ఇచ్చిండు. గడ్డలు కరిగినయి. 1956ల లోకానికి చెప్పిన్రు. ఎక్స్‌రేల గడ్డ కనపడకపోయినా, మూత్రంల హెచ్‌సీజీ అనే హార్మోన్ మిగిలి ఉన్నదంటే కణాలు దాక్కున్నట్టేనని లీ నమ్మిండు. అది పూర్తిగ పోయేదాక మందు ఆపలే. పైనున్నోళ్లకు కోపమొచ్చింది, మంచిగైన మనిషికి విషం ఎక్కిస్తున్నడని ఆయన్ను పంపిచ్చేసిన్రు. ఆయన ఆపకుంట మందిచ్చినోళ్లు నిలబడ్డరు. 1972ల ఆయనకూ, హెర్ట్జ్‌కూ లాస్కర్ అవార్డు ఇచ్చిన్రు.

ఇయ్యాల లెక్క: తక్కువ ముప్పు ఉన్న దశల దొరికితే దాదాపు నూటికి నూరు మంది బతుకుతరు. మెదడుకు, కాలేయానికి పాకిన ఎక్కువ ముప్పు దశల కూడ మెథోట్రెక్సేట్‌తోటి ఇంకో నాలుగు మందులు కలిపి ఇస్తే నూటికి 90 మంది దాకా మిగులుతరు. ఎక్కువ మందికి గర్భసంచి తియ్యాల్సిన పనే లేదు. ఏడాది ఆగి మళ్ల పిల్లల్ని కంటరు. మందు పాతది, పేటెంట్ గొడవ లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాల ఉంది.

ఒక మాట సాఫ్ చెప్పాలె. గర్భసంచి రోగాలన్నిటికీ ఇది మందు కాదు. ఫైబ్రాయిడ్ గడ్డలు చానామట్టుకు క్యాన్సర్ కావు. గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్‌కు తొలిదశల ఆపరేషన్, ముదిరితే రేడియేషన్, కీమో. ముట్లు ఆగిపోయినంక మళ్ల నెత్తురు కనపడితే లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయిస్తరు, క్యాన్సర్ అయితే అక్కడ ఆపరేషనే ముందు. ఏ గడ్డనో తేల్చకుంట కోసుడు వేరే ముచ్చట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లను అడిగితే, దేశంల నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంది. తెలంగాణల ఎనిమిది మందికి. బీడీలు చుట్టుకుంట, నాట్లేసుకుంట నడుం నొప్పి అన్నదానికి కూడ సంచి తీసేయించుకున్న అక్కలు మన మండలాలల్ల ప్రతి వాడల కనపడ్తరు. వాళ్లల్ల ఎంతమందికి ముందుగాల పరీక్ష చేసిన్రో అడుగున్రి.

ముత్యాల గర్భంల అయితే అసలు పోరాటం మందు దగ్గర లేదు, పరీక్ష దగ్గరుంది. కడుపు శుభ్రం చేసినంక వారం, రెండు వారాలకోపారి నెత్తుట్ల హెచ్‌సీజీ చూడాలె. అది నార్మల్‌కు దిగినంక కూడ డాక్టర్ చెప్పినన్ని నెలలు చూపెట్టుకోవాలె, అప్పటిదాకా మళ్ల నెల తప్పకుంట జాగ్రత్త పడాలె. తీసిన ముక్కను పారెయ్యకుంట పరీక్షకు పంపాలె. కాన్పో, అబార్షనో అయినంక నెత్తురు ఆగకున్నా, దగ్గుల నెత్తురు పడ్డా, టీబీ అని మందులు మొదలుపెట్టకముందు ఒక్క హెచ్‌సీజీ రాయమని డాక్టర్‌ను అడగాలె.

పట్నంల ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన ఉంది, మందు అక్కడ అందుతది. బాన్సువాడ నుంచి 150 కిలోమీటర్ల దాకా. ఒక్క నెత్తురు బొట్టు ఇచ్చేందుకు ఒక దినం కూలి పోతది, చంటిపిల్లను ఎవరికన్న అప్పజెప్పాలె, తోడు మనిషి రావాలె. రెండు పారీలు పోయినంక మూడోపారి ఆగిపోయే ఆడబిడ్డను తప్పు పట్టుడు అన్యాయం. నెత్తురు బాన్సువాడ సర్కార్ దవాఖానలనే తీసి, పరీక్షకు పంపి, ఫలితం ఏఎన్ఎం ఫోనుకు వచ్చే ఏర్పాటు చేస్తే సాలు. ఏ ముత్యాల గర్భం కేసుకు ఎన్నో పరీక్ష ఎన్నడు ఉన్నదో రాసుకునే ఒక రిజిస్టర్ పెట్టాలె. మీ పంచాయితీ మీటింగ్‌ల, మండల మీటింగ్‌ల ఈ రెండు అడుగున్రి.