కొండ మాటలు ఏరిన పర్లాకిమిడి మేష్టారు

పలాసలో పూరీ–గుణుపూర్ రైలెక్కితే నౌపడా దగ్గర అది మెయిన్ లైన్ వదిలేసి టెక్కలి వైపు తిరుగుతుంది. పాతపట్నం దాటగానే పర్లాకిమిడి. ఇప్పుడది ఒడిశా. 1900లో ఇదే దారిలో అక్కడి రాజావారి చిన్న రైలు మొదలైంది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే! ఆ రైలు రాక ముందే పర్లాకిమిడి చేరి, జీవితంలో ఎక్కువ భాగం అక్కడే గడిపిన మేష్టారొకాయన ఉన్నారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని వాట్సాప్ స్టేటస్‌లు పెడతాం కదా, అది ఆయన పుట్టినరోజు. గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం పోరాడారని స్కూల్లో అందరం చదువుకున్నాం. నాకు మాత్రం ఆయన అంతకు ముందు మొదలుపెట్టిన ఇంకో పని ముఖ్యం అనిపిస్తుంది.

1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. రామమూర్తికి పన్నెండేళ్ళు నిండే వేళకే ఆయన పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మెట్రిక్యులేషన్ దాకా చదివారు. గురజాడ అప్పారావు అక్కడ సహాధ్యాయి. డిగ్రీ, పైచదువు అనే ఆలోచనకు ఇంట్లో వీలు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. జీతం 30 రూపాయలు. మిగతా చదువంతా ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగానే. ముఖలింగం గుడి గోడల మీది పాత లిపిని కూడా ఎవరూ నేర్పకుండా సొంతంగా నేర్చుకుని, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని వ్యాసాలు రాశారు. ఇప్పుడైతే సెల్ఫ్ లెర్నింగ్ అంటాం. కోర్సు లేదు, వీడియో లేదు, రాయి ఒక్కటే ఉంది.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. పోడు చేసుకుంటారు, జీలుగు కల్లు గీస్తారు, సంతకు కిందికి దిగుతారు. సంతలో బేరం మాత్రం తెలుగులోనో ఒడియాలోనో నడవాలి. వాళ్ళ మాట పట్నంలో ఎవరికీ రాదు. అవసరం ఉందనీ ఎవరూ అనుకోలేదు. రామమూర్తి గారికి మాత్రం అది నేర్చుకోవాలనిపించింది. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒకాయన్ని ఇంట్లోనే ఉంచుకుని మొదలుపెట్టారు. తర్వాత కొండలెక్కి ఊళ్ళు తిరిగారు. వస్తువు చూపించి పేరు అడగడం, విన్నది రాసుకోవడం, ఇంకో మనిషి దగ్గర సరిచూసుకోవడం. ఏళ్ళ తరబడి ఇదే పని.

ఇక్కడొక టెక్నికల్ చిక్కుంది. సవర తెలుగుకి చుట్టం కాదు. ముండా శాఖలోది. దూరపు బంధువులు కంబోడియాలో, వియత్నాంలో ఉన్నారు. మాట మధ్యలో గొంతు ఠక్కున బిగబట్టి వదిలే ధ్వని సవరలో ఉంది, మన యాభై ఆరు అక్షరాల్లో దానికి గుర్తే లేదు. అందుకని ఆయన ధ్వనిశాస్త్రం చదివి గుర్తులు ఏర్పాటు చేసుకున్నారు. మాటలు అతుక్కునే తీరు ఇంకా విచిత్రం. సవరలో చాలా నామవాచకాలకు ఒక పొట్టి రూపం ఉంటుంది, అది వెళ్ళి క్రియకు అతుక్కుంటుంది. సవరలు గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు ఉన్నాయి కదా, వాటిని ఇడితాల్ అంటారు. ఇడ్ అంటే గీయడం. తాల్ అన్నది గోడ అనే మాటను కుదించిన ముక్క. కోశం రాసేవాడు నిండు రూపం రాసి పొట్టి రూపం వదిలేశాడంటే భాషలో సగం పోయినట్టే. రెండూ పట్టుకోవాలి. బొమ్మ దగ్గరకు వెళ్ళి నిలబడకుండా ఆ మాట దొరకదు.

ఈ సంగతి నాకు ఊళ్ళో తెలిసొచ్చింది. మా ఉద్దానం వైపు జీడిపిక్కలంటాం, పిక్క అంటే గింజ. ఒక వాయిస్ టైపింగ్ యాప్‌లో ఆ మాట చెబితే పదిసార్లలో ఒక్కసారి కూడా సరిగా పడలేదు. ‘ఏటి’ అంటే నది ఏటిదగ్గరికి పోయింది. మేం అడిగింది ‘ఏమిటి’ అని! మెషీన్ తప్పు కాదు, దానికి ఎవరూ మా మాటలు వినిపించలేదు. వ్యవసాయం మాటలతో మాండలిక వృత్తి పదకోశం 1962లోనే వచ్చింది. ఇలాంటి పనిలోకి రావాలనుకునే వాళ్ళకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్రం, ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్‌తో భాషల పని ఉన్నాయి. కోడింగ్ వచ్చి, కొబ్బరి తోటలో రైతుతో గంటసేపు కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళే తక్కువ.

మేష్టారి దగ్గరకు వద్దాం. సవర పిల్లలకు సవరలోనే పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించారు. 1913లో ప్రభుత్వం రావుసాహెబ్ బిరుదు ఇచ్చింది. దానికి ముందే కొండలు ఆయన దగ్గర పుచ్చుకోవాల్సింది పుచ్చుకున్నాయి. మలేరియా పట్టింది. క్వినైన్ మింగీ మింగీ చెవులు దెబ్బతిన్నాయి. ధ్వనులు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి తగ్గిపోవడం! అయినా కోశం ఆపలేదు. కొడుకు సీతాపతి కూడా సవర నేర్చుకుని పనిలో దిగారు.

వాడుక భాష ఉద్యమం ఈ పని నుంచే వచ్చిందని నా అభిప్రాయం. అక్షరం ముక్క రాని సవర మనిషి మాటకు నియమం ఉందని కళ్ళారా చూసినవాడు, తెలుగు రైతు మాటకు వ్యాకరణం లేదంటే ఎలా ఒప్పుకుంటాడు? జయంతి రామయ్య పంతులు వంటి పండితులు అటు నిలబడ్డారు. స్కూల్ ఫైనల్లో వాడుక భాషలో రాయొచ్చని వచ్చిన ఉత్తర్వు కొద్దికాలానికే వెనక్కి పోయింది. ఆయన ‘తెలుగు’ అనే పత్రిక పెట్టారు, ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చారు. ఈ కథ మీకు తెలిసిందే.

1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. కోశం మాత్రం ఇంకా చేతిరాతలోనే ఉంది. ఈలోగా ఒరిస్సా రాష్ట్రం ఏర్పాటు మాట వచ్చింది. పర్లాకిమిడి అటు పోకూడదని రామమూర్తి గారు గట్టిగా వాదించారు, కానీ పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. అదే రోజు ఆయన ఊరు వదిలి రాజమండ్రికి బయలుదేరారు. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. సుమారు యాభై ఆరేళ్ళు బతికిన ఊరు, చెవి పోయేదాకా మాటలు ఏరుకున్న కొండలు, రెండూ వెనకే ఉండిపోయాయి. అదే ఏడాది ఆ కొండల అవతల మంగేయి గొమాంగో అనే ఆయన సవరకు సొంత లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది, ఇప్పుడు ఫోన్లో టైపు చేసుకోవచ్చు.

సవర–ఇంగ్లీషు కోశం 1938లో అచ్చయి వచ్చింది. అప్పటికి మేష్టారు గోదావరి ఒడ్డున ఉన్నారు. ఆ మాటలు మాట్లాడేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.