కీర్తిశేషులు కస్తూరి శివరావుగారు

ఈ ప్రత్యేకసంచికకు ఒక ప్రసిద్ధపురుషుని జీవితమును వ్రాసి పంపవలసినదని సంపాదకమహాశయులు నన్ను కోరినపుడు నేను కస్తూరి శివరావుగారి పేరు చెప్పితిని. వారు కొంచెము వెరగుపడిరి. పండితులు, దాతలు, దేశసేవకులు ఎందరో యుండగా, సినిమాలలో జనమును నవ్వించిన యొక నటుని కథ మహాసభ సంచికకు తగునా యని వారి సందేహము. నాకట్టి సందేహము లేదు. భరతముని తన నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను పేర్కొనుచు, శృంగారమునకు వెనువెంటనే హాస్యమును నిలిపినాడు. కరుణమును, వీరమును దాని తరువాతనే వచ్చినవి. మునికి లేని చిన్నచూపు మనకెందులకు?

నేను శివరావుగారిని కన్నులార చూచి యెరుగను. వారు గతించునాటికి నేను పసివాడను. మా గ్రామమునకు వచ్చిన డేరాసినిమాలో వారి బొమ్మను చూచి నవ్విన బాలురలో నేనొకడను. వారి పాటలను పొలముగట్లపై పాడుకొనిన పెద్దల నోట వారి కథ వినినవాడను. అంతకుమించిన యధికారము నాకు లేదు.

శివరావుగారు 1913వ సంవత్సరమున జన్మించిరి. వారిది కాకినాడ. నాటి కాకినాడ యనిన నాటకములకు పుట్టినిల్లు. వరవిక్రయము, చింతామణి నాటకములను రచించిన కాళ్ళకూరి నారాయణరావుగారు ఆ యూరనే నివసించిరి. యంగ్‌మెన్స్ హాపీ క్లబ్ అను ప్రసిద్ధనాటకసమాజము అచటిదే. రేలంగి వెంకటరామయ్య, ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, సంగీతదర్శకుడు ఆదినారాయణరావు మున్నగువారు ఆ రంగస్థలమున మెలగి పిమ్మట మదరాసుకు పోయినవారే. చలనచిత్రవిషయమునను ఆ పట్టణము వెనుకబడి యుండలేదు. చిత్తజల్లు పుల్లయ్యగారు మూగచిత్రముల కాలముననే భక్తమార్కండేయ యను చిన్నచిత్రమును అక్కడ తీసిరి. ఇట్టి గాలి వీచుచోట పుట్టిన పిల్లవానికి, గొంతును హాస్యమును దేవుడిచ్చి యుండగా, వేరు వృత్తి రుచించునా?

శివరావుగారి తొలివృత్తిని గూర్చి నేటి చదువరులకు కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ఏలయన ఆ వృత్తియే నేడు లేదు. వారు మూగచిత్రములకు వ్యాఖ్యాతగా నుండిరి. ధ్వని లేని యా బొమ్మల నడుమ తెరపై అక్షరములు పడుచుండెడివి. అవి యింగ్లీషునందో హిందీయందో యుండుటయు కలదు. తెలుగున నున్నను చదువనేర్చినవారు ఆ జనములో నెందరు? ఆ యక్షరములు కన్నుమూసి తెరచునంతలో మాయమగుచుండెడివి. అందుచే తెరప్రక్కన ఒక మనుష్యుడు నిలువబడి, ఇదిగో రాజు వచ్చుచున్నాడు, ఇదిగో రాక్షసుడు కత్తి దూయుచున్నాడు అని కథ నడిపింపవలెను. కేవలము కథ చెప్పిన జనము ఊరకుండరు. రాజునకు రాజు గొంతు, రాణికి రాణి గొంతు, విదూషకునకు వంకరగొంతు పెట్టవలెను. ముందువరుసలో నేలపై కూర్చున్నవారికిని, వెనుక బెంచీలపై నున్నవారికిని సమముగా వినబడవలెను. ధ్వనివర్ధకయంత్రములు లేని దినములు గదా! బొమ్మ తెగిపోయి చీకటి యైనచో, దానిని అతికించువరకు కల్పనాకథయో, పాటయో చెప్పి జనమును నిలిపియుంచుటయు ఆతని పనియే.

ఇది హరికథకునిపని వంటిదే కాని, దానికంటె కఠినమని నా యభిప్రాయము. హరికథకుడు తన కథను తన యిచ్ఛవచ్చిన వేగమున నడుపుకొనును. వ్యాఖ్యాతకు బొమ్మ యాగదు. అది పరుగెత్తుచుండును, అతడు దాని వెంట మాటలతో పరుగెత్తవలెను. పెదవి కదలినపుడే మాట పడవలెను, దెబ్బ తగిలినపుడే కేక వినబడవలెను. శివరావుగారి హాస్యమందు జనులు మెచ్చుకొనిన సమయస్ఫూర్తి, ఒక మాటను ఎచ్చట ఆపవలెనో ఎచ్చట విసరవలెనో తెలిసిన నేర్పు, ఈ పాఠశాలలో నేర్చినవే యని నేను తలచెదను.

1932లో తెలుగుమాటల తొలిచిత్రము భక్తప్రహ్లాద వెలువడినది. బొమ్మయే మాటలాడ మొదలిడిన పిదప వ్యాఖ్యాతతో పనియేమి? కొన్ని యేండ్లు పల్లెలలో మూగచిత్రములు ఆడుచునే యున్నను, ఆ వృత్తికి కాలము చెల్లినది. దానిని నమ్ముకొనినవారు ఊరూర ఎందరుండిరో, ఏమైరో, వారి పేర్లు ఎవరును వ్రాసి పెట్టలేదు. వారిలో తెరప్రక్కనుండి తెరపైకి ఎక్కగలిగిన భాగ్యశాలి మన శివరావుగారు. 1939లో పుల్లయ్యగారు కాళ్ళకూరివారి వరవిక్రయమును చిత్రముగా తీసినపుడు వారికి తొలి యవకాశము దొరకినది. భానుమతిగారికిని అదియే మొదటిచిత్రము.

పిమ్మట తొమ్మిది సంవత్సరములు చిన్నవేషములతో గడచినవి. బి.ఎన్. రెడ్డిగారి స్వర్గసీమ 1945లో వచ్చినది. అందును శివరావుగారు కలరు. ఈ భాగమును నేను విస్తరింపను. చిన్నవేషగాని యేండ్లన్నియు ఒకే తీరున నుండును.

1948లో ఘంటసాల బలరామయ్యగారి బాలరాజు చిత్రము వెలువడినది. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి, ఎస్. వరలక్ష్మి అందు ముఖ్యులు. శివరావుగారు యెల్లమంద యను వేషము ధరించిరి. అంతటితో వారి దశ తిరిగినది. ఆ చిత్రమును మరల మరల చూచినవారు ఆంధ్రదేశమున లెక్కకు మిక్కిలి. వారిలో యెల్లమంద కొఱకే పోయినవారు పలువురని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

ఇచట పాట సంగతి చెప్పక తప్పదు. మాటలచిత్రముల తొలిదినములలో నటుడే పాడవలెను. పాడలేనివానికి వేషమే దొరకుట కష్టము. 1940వ సంవత్సరము దాటిన పిదప క్రమక్రమముగా నేపథ్యగానము ప్రబలినది. నటుడు పెదవులు కదలించుట, గాయకుడు తెరచాటున పాడుట యను పద్ధతి అది. బాలరాజు చిత్రమందే ఘంటసాల వేంకటేశ్వరరావుగారు అక్కినేనివారికి గాత్రమిచ్చిరి. శివరావుగారికి మాత్రము ఎరువుగొంతు అక్కరలేకపోయినది. వారు తమ పాటలను తామే పాడుకొనిరి. ఆ గాత్రము శాస్త్రీయసంగీతసభలలో నిలుచునట్టిది కాదు. నిలువవలెనని వారును కోరలేదు. అది మాటకును పాటకును నడిమిదారిలో నడచునది. ఒక పాదమును రాగముతో నెత్తుకొని, రెండవదానిని మాటలలోనికి జార్చి, మూడవదానిని మరల అందుకొనుట వారి తీరు. మంచి గాయకులు ఈ పనిని చేయబోయి చెడిపోవుటను నేను వినియున్నాను.

భరతుడు హాస్యమును ఆరువిధములుగా విభజించినాడు. స్మితము, హసితము ఉత్తములవి. విహసితము, ఉపహసితము మధ్యములవి. అపహసితము, అతిహసితము అధములవి. ఈ విభాగమును తరగతిలో చెప్పునపుడెల్ల నాకు డేరాసినిమాయే జ్ఞప్తికి వచ్చుచుండెడిది. అక్కడ ముందువరుస వారు పొట్టలు పట్టుకొని కన్నీళ్లు కార్చుచు నవ్వుచుందురు. కుర్చీలలోని పెద్దమనుష్యులు మీసములలో నవ్వుకొందురు. ఒక్క మాటతో ఒకే క్షణమున ఆరువిధముల నవ్వును పుట్టించగలిగినవాడు గొప్పనటుడు కాక మరేమి? శాస్త్రమున ఈ విషయము వ్రాయబడలేదు కాని, వ్రాయదగినది.

ఇక గుణసుందరికథ. 1949 సంవత్సరాంతమున వాహినీవారు దీనిని వెలువరించిరి. కె.వి. రెడ్డిగారు దర్శకులు, పింగళి నాగేంద్రరావుగారు రచయిత. షేక్స్పియరు మహాకవి కింగ్ లియర్ నాటకములోని తండ్రీకూతుళ్ల కథను బీజముగా గ్రహించి, దానిని మన జానపదకథల నేలలో నాటిరి. రాజునకు ముగ్గురు కూతుళ్లు. పెద్దవారిద్దరును తండ్రిని పొగడి మెప్పు పొందుదురు. కడగొట్టుది గుణసుందరి, స్త్రీకి పతియే దైవమని తోచినమాట చెప్పును. రాజు కోపించి ఆమెను అవిటివానివలె కనబడు దైవాధీనము అనువానికి కట్టిపెట్టును. గోవిందరాజుల సుబ్బారావుగారు రాజు, శ్రీరంజని గుణసుందరి, శాంతకుమారి, మాలతి పెద్దకూతుళ్లు. ఆ దైవాధీనము కస్తూరి శివరావుగారు!

చదువరులు దీనిని సామాన్యముగా ఎంచరాదు. జానపదచిత్రమున నాయకుడనిన ఒడ్డుపొడవు గలిగి, కత్తి తిప్పి, గుఱ్ఱమెక్కి వచ్చు రాకుమారుడే యని జనుల నమ్మకము. ఆ నాయకస్థానమున కె.వి. రెడ్డిగారు ఒక హాస్యనటుని కూర్చుండబెట్టిరి. జనము అంగీకరించినది. చిత్రము జయించినది. రాజునకు వ్యాధి కలుగుట, మణికొఱకు అల్లుళ్లు బయలుదేరుట, దైవాధీనము దానిని సాధించుట, తోడియల్లుళ్లు మోసగించుట, ఆతడు శాపవశమున ఎలుగుబంటి యగుట — ఈ కథయంతయు ప్రేక్షకుడు నవ్వుచునే చూచును. కాని యెలుగుబంటి భార్యచెంత నిలిచినపుడు ఆ నవ్వు గొంతులో ఆగును. నవ్వించువాడు ఏడిపింపనేర్చుటయు కలదని ఆ చిత్రము చూచినవారికి తెలియును. మూగబొమ్మలకు గొంతునిచ్చి బ్రతికినవాడు, మాటలేని మృగముగా మారు వేషమున అంతటి పేరు పొందుట యొక చిత్రము.

ఆ చిత్రమందే తోడియల్లునిగా, కాలమతి యను పేర, ఒక హాస్యనటుడు కనబడును. అతడు రేలంగి వెంకటరామయ్యగారు. శివరావుగారికంటె మూడేండ్లు పెద్ద. 1935 నుండియు చిత్రములలో నుండి చాలకాలము వేచినవారు. నాడు నాయకుడు శివరావు, ఉపనటుడు రేలంగి. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురు గాక.

లైలామజ్ను, రక్షరేఖ, స్వప్నసుందరి మున్నగు చిత్రములన్నియు 1949, 1950 సంవత్సరములవే. అన్నిట శివరావుగారు కలరు. 1950లో పరమానందయ్యశిష్యులు చిత్రమునకు వారే దర్శకత్వము వహించిరి. నాగేశ్వరరావుగారు అందు నటించిరి. తరువాత హాస్యపాత్రలలో మిక్కిలి పేరు గడించిన గిరిజకు అది మొదటిచిత్రము. తెలుగుచిత్రములలో నాయకులతో సమానముగా పేరు పలికిన మొదటి హాస్యనటుడు శివరావుగారే యని చిత్రచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. వారు ఆ దినములలో బ్యూక్ కారులో తిరిగినసంగతిని మదరాసు సినిమాలోకము బహుకాలము చెప్పుకొనినది. కాకినాడలో తెరప్రక్కన నిలిచి గొంతు చించుకొనినవానికి బ్యూక్ కారు! ఆ సంతోషమును నేను తప్పుపట్టను.

కాని లక్ష్మి ఎక్కువకాలము నిలువలేదు. 1951లో విజయావారి పాతాళభైరవి వచ్చినది. దర్శకులు ఆ కె.వి. రెడ్డిగారే, రచయిత ఆ పింగళివారే. హాస్యభారము మాత్రము రాజుగారి బావమరదియైన శూరసేనుని వేషమున రేలంగివారిపై పడినది. ఆ యేటినుండి రేలంగివారు పైకి, శివరావుగారు క్రిందికి. ఇందు రేలంగివారి దోషమేమియు లేదు. అభిరుచి మారినది, క్రొత్తవారు వచ్చిరి. శివరావుగారు గడించినదానిని నిలుపుకొనలేదు. మద్యపానవ్యసనమును వారిని పట్టినది. ఈ మాటను దాచిపెట్టి వ్రాయుట చరిత్ర కాదు; దీనినే పట్టుకొని పాఠము చెప్పుటయు నాకిష్టము లేదు. బ్యూక్ కారులో తిరిగిన వీధులలోనే వారు పిమ్మట కాలినడకను తిరిగిరని చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనువారు తల యాడించి ఊరకుందురు.

శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుడు దానములు చేసి దరిద్రుడగును. ఇంటికి వచ్చిపోవు మిత్రులందరును మాయమగుదురు. మైత్రేయుడను విదూషకుడు మాత్రము ఆతనిని విడువడు. నాయకుని కష్టకాలమున విదూషకుడు తోడుండుట మన నాటకములలో నున్నది. విదూషకుడే దరిద్రుడైనపుడు ఎవరు తోడుండవలెనో ఏ కవియు వ్రాయలేదు. మన యిండ్లలో పెండ్లికో పండుగకో కళాకారుని పిలిచి, పాట వినినంతసేపు తల యూపి, తాంబూలమునందు రూపాయి లుంచి సాగనంపుదుము. మరునాడతడు భోజనము చేసెనా యని ఎవరడుగుదురు? సభలను పోషించు ధనికులు కొందరైనను ఈ సంచికను చూతురు గనుక ఈ మాట వ్రాసితిని, నొచ్చుకొనరని నమ్మెదను.

నా మట్టుకు శివరావుగారి జీవితమున మిక్కిలి బాధ కలిగించునది దారిద్ర్యము కాదు. జనమును మైమరపించు నేర్పు చేతనుండియు దానిని చూపుటకు తావు లేకుండుట. గొంతు అదే, సమయస్ఫూర్తి అదే, వారి వయస్సు నలువది దాటినది, అంతే. మూగచిత్రములు పోయినపుడు వ్యాఖ్యాతలకు కలిగిన గతియే, తప్పించుకొని తెరపైకి ఎక్కినవానికిని రెండవమారు కలిగినది.

రేలంగివారు 1970లో పద్మశ్రీ బిరుదము పొందిరి, తాడేపల్లిగూడెమున తమ పేర సినిమాహాలు కట్టించిరి, 1975లో గతించిరి. వారికి జరిగిన గౌరవము హాస్యరసమునకు జరిగిన గౌరవమే యని సంతోషింపవలసినదే. ఆ బాటలో ముండ్లు తొలగించినవారిలో శివరావుగారు మొదటివారు.

శివరావుగారు 1966లో, ఏబదిమూడేండ్ల వయస్సున, గతించిరి. ఆ సంవత్సరమే పరమానందయ్యశిష్యుల కథ మరల చిత్రముగా వెలువడినది. నందమూరి తారకరామారావుగారు నాయకులు. దర్శకులు చిత్తజల్లు పుల్లయ్యగారు — ఇరువదియేడేండ్ల క్రిందట వరవిక్రయమున శివరావుగారిని మొదట తెరపైకి తెచ్చిన ఆ పుల్లయ్యగారే. వారును మరుసటి సంవత్సరము, 1967లో, దివంగతులైరి.