దగ్గరి దారి కనుగొనిన డైక్‌స్ట్రా

ఒక ఊరినుండి మరియొక ఊరికి పోవుటకు దారులు పెక్కులున్నపుడు వానిలో దగ్గరి దారి యేది? ఈ ప్రశ్న బండి తోలువానికిని కలుగును, రైళ్లు నడపువానికిని కలుగును. దీనికి ఎన్నడును తప్పని సమాధానము నిచ్చు పద్ధతిని కనుగొని, నేడు కంప్యూటర్ల నడుమ సందేశములు దారి తప్పక నడచుటకు తోడ్పడిన మేధావి ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా. మన పాఠశాలలో నేడు చదువుచున్న బాలబాలికలు పుట్టకమునుపే ఆయన గతించెను. ఆయన జీవితము గణితము నేర్చువారికే గాక, మాతృభాషలో చదువుకొనువారికిని తెలిసికొనదగినది.

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్సు దేశమందలి రాటర్‌డామ్ నగరమున జన్మించెను. ఆయన మాతృభాష డచ్చి. ఒకప్పుడు మచిలీపట్నమునను పులికాటునను కోఠీలు కట్టి వర్తకము సాగించిన డచ్చివారి భాషయే యది. తండ్రి రసాయనశాస్త్రజ్ఞుడు, పాఠశాలలో ఆ శాస్త్రమును బోధించినవాడు. తల్లి గణితమున దిట్ట. ఆమె ఉద్యోగ మెన్నడును చేయలేదు గాని, చిక్కు లెక్కను పొందికగా సాధించుటలో నేర్పరి. త్రికోణమితి కష్టమైనదా యని కుమారు డడుగగా, సూత్రములన్నియు క్షుణ్ణముగా నేర్చుకొనవలెననియు, సాధన ఐదు పంక్తులకు మించి సాగినచో దారి తప్పితినని గ్రహింపవలెననియు ఆమె చెప్పెను. ఆ మాట ఆయన జీవితాంతము మఱువలేదు.

పదవ పుట్టినరోజు గడచిన మూడవనాడే, 1940 మే 14న, జర్మను విమానములు బాంబులు కురిపించి రాటర్‌డామ్ నడిబొడ్డును నేలమట్టము చేసెను. పిమ్మట 1945 వఱకు ఆ దేశము పరుల యేలుబడిలో నుండెను. పాఠశాలలో డైక్‌స్ట్రా గ్రీకు, లాటిను, ఫ్రెంచి, జర్మను, ఆంగ్ల భాషలతోపాటు గణితమును, విజ్ఞానశాస్త్రములను చదివెను. న్యాయశాస్త్రము నేర్చి ఐక్యరాజ్యసమితిలో తన దేశము పక్షమున నిలువవలెనని తొలుత కోరుకొనెను. కాని గణిత విజ్ఞానములలో ఆయనకు వచ్చిన మార్కులను చూచి తల్లిదండ్రులు ఆ వైపునకు మరలించిరి. 1948లో లైడెన్ విశ్వవిద్యాలయమున చేరి సైద్ధాంతిక భౌతికశాస్త్రమును అభ్యసించెను.

1951లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జిలో కంప్యూటర్లకు పని చెప్పు విద్య, అనగా ప్రోగ్రాములు వ్రాయుట, మూడు వారములపాటు బోధింపబడెను. డైక్‌స్ట్రా అచటికి పోయి నేర్చుకొని వచ్చెను. మరుసటి సంవత్సరము ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణితకేంద్రమున ప్రోగ్రాములు వ్రాయు కొలువు దొరకెను. అయినను ఆయన మనస్సున సంశయము తొలగలేదు. భౌతికశాస్త్రము గౌరవము గల విద్య. ఈ క్రొత్త పనికి శాస్త్రమేది, గురువులెవ్వరు? ఆయన తన పై అధికారియగు వాన్ వైన్‌గార్డెన్ కడకు పోయి ఈ సంశయమును వెల్లడించెను. కంప్యూటర్లు నిలిచిపోవునవే యనియు, ఆ పనిని గౌరవనీయమైన శాస్త్రముగా తీర్చిదిద్దువారిలో ఆయనయే యొకడు కావచ్చుననియు వైన్‌గార్డెన్ హితవు పలికెను. ఆ మాటతో డైక్‌స్ట్రా తన దారిని నిశ్చయించుకొనెను.

1956లో గణితకేంద్రమువారు ఆర్మాక్ అను క్రొత్త కంప్యూటరును నిర్మించిరి. దాని ప్రారంభోత్సవమునకు వచ్చు జనులకు లెక్కల సంగతి తెలియదు. వారికిని అర్థమగు ప్రశ్నయొకటి కావలసియుండెను. తన దేశమందలి ఒక నగరమునుండి మరియొక నగరమునకు దగ్గరి దారి యేది యనుటకంటె తేలికగా తెలియు ప్రశ్న యేమున్నది? ఆ దినములలో డైక్‌స్ట్రా తనకు కాబోవు భార్యయగు రియాతో అంగళ్లు తిరిగి తిరిగి అలసి, ఒక కాఫీ అంగడి ముంగిట కూర్చుండెను. కాగితము లేదు, కలము లేదు. కాఫీ త్రాగుచు ఇరువది నిమిషములలో ఆ సమస్యను మనస్సులోనే సాధించెను. కాగితము లేనందున అక్కఱలేని చిక్కులన్నియు తమంత తామే తొలగిపోయినవని ఆయన పిదప తలపోసెను. ఉత్సవమునాడు 64 నగరములు గల పటముపై ఆర్మాక్ దారులను చూపెను.

ఆ పద్ధతి యెట్టిదో చూతము. క, ఖ, గ, ఘ అను నాలుగు ఊళ్లున్నవనుకొందము. క నుండి ఖకు 2 కిలోమీటర్లు, గకు 5 కిలోమీటర్లు. ఖ నుండి గకు 2, ఘకు 6. గ నుండి ఘకు 3. మనము క నుండి ఘకు పోవలెను. మొదట మనకు తెలిసిన ఊళ్లలో మిక్కిలి దగ్గరిదేదో చూడవలెను. అది ఖ, దూరము 2. దానిని నిశ్చయించి, అచట నిలిచి చూచినచో గకు 2ను 2ను కలిసి 4 కిలోమీటర్లే యగుచున్నవి. కావున వెనుకటి 5ను కొట్టివేయవలెను. ఘకు 8. ఇప్పుడు మిగిలినవానిలో దగ్గరిది గ, దూరము 4. అచటినుండి ఘకు 7 మాత్రమే. కావున 8ని కొట్టివేయవలెను. తిన్నని దారి దగ్గరిదని తోచినను, చుట్టుదారియే దగ్గరిదయ్యెను. ప్రతి అడుగునను దగ్గరిదానినే నిశ్చయించుట, దానినుండి తక్కినవానిని సరిచూచుట - పద్ధతి యంతయు ఇంతే. 1959లో మూడు పుటల చిన్న వ్యాసముగా ఇది అచ్చయ్యెను.

దీని ప్రయోజనము ముప్పది యేండ్లలో ఆయన కాఫీ అంగడిని దాటి చాల దూరము పోయెను. కంప్యూటర్లను కలుపు నెట్‌వర్కునందు రౌటరనునది నాలుగు వీథుల కూడలివంటిది. దానికి గల ఒక్కొక్క వాకిలిని ఇంటర్‌ఫేసందురు. ఏ వాకిలి తెఱచియున్నది, దాని చిరునామా యేది, ఏ సందేశము ఏ వాకిటినుండి పోవలెను అను మూడు సంగతులను నిర్వాహకుడు తెరపై అక్షరములతో ఆజ్ఞలు వ్రాసియే నడపవచ్చును. లినక్సు అను వ్యవస్థలో 'ఐపి లింక్' అను ఆజ్ఞ మొదటిదానిని, 'ఐపి అడ్రస్' రెండవదానిని, 'ఐపి రూట్' మూడవదానిని చూపును. మార్చుటకును వానినే వాడుదురు. మూడవ ఆజ్ఞ చూపునది దారుల పట్టిక. పట్టికలో పేరులేని చోటికి పోవు సందేశములకు 'డిఫాల్ట్' అను సామాన్యమార్గమొకటి యేర్పఱచి యుంచుదురు.

పది యంత్రములున్న చోట ఈ పట్టికలను చేతితో వ్రాయవచ్చును. వందలున్న చోట ఒక తీగ తెగినచో ఎన్ని పట్టికలను ఎవరు దిద్దగలరు? 1989లో తొలిసారి ప్రకటితమైన ఓఎస్‌పిఎఫ్ అను నియమావళి దీనికి ఉపాయము చూపెను. ఒక్కొక్క వాకిటికి వ్యయమను సంఖ్యను నిర్ణయింతురు. సాధారణముగా వేగము హెచ్చైన కొలది వ్యయము తగ్గును. ప్రతి రౌటరును తన వాకిళ్ల సంగతిని తక్కినవానికి చాటును. అన్నింటికిని ఒకే పటము చేరును. పిమ్మట ప్రతి రౌటరును తానే 'క' యైనట్లు భావించి, డైక్‌స్ట్రా పద్ధతితో దారులు లెక్కించుకొని పట్టికను నింపుకొనును. తీగ తెగినచో పటము మాఱును. లెక్క మరల జరుగును. వేర్వేరు సంస్థల నెట్‌వర్కుల నడుమ దారులకు వేరు పద్ధతి కలదు గాని, ఒక సంస్థలోపల ఈ లెక్కయే నేటికిని విరివిగా నడచుచున్నది.

డైక్‌స్ట్రా 1957లో రియాను వివాహమాడెను. వివాహపత్రమున వృత్తి ప్రోగ్రామరు అని వ్రాయగా, అట్టి వృత్తియే లేదని ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు నిరాకరించిరి. భౌతికశాస్త్రజ్ఞుడని వ్రాయవలసి వచ్చెను. లేదనిపించుకొనిన ఆ వృత్తికే పదునైదేండ్లకు, 1972లో, ఆ విద్యలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారము ఆయనను వరించెను. ఈ నడుమ 1962లో ఐంధోవెన్‌లో గణితాచార్యుడై, ఒకే యంత్రముపై పలుపనులు ఒకదానికొకటి అడ్డుపడక సాగు విధానమును రూపొందించెను. 1984 నుండి 1999 వఱకు అమెరికాలోని ఆస్టిన్‌లో బోధించి స్వదేశమునకు మరలెను. 2002 ఆగస్టు 6న న్యూనెన్‌లోని స్వగృహమున కన్ను మూసెను.

కంప్యూటరు విద్యకు పితామహులలో నొకడైన ఆయన తన తలపులను సిరాకలముతో కాగితముపై అందముగా వ్రాసి, ప్రతులు తీసి మిత్రులకు పంపుచుండెడివాడు. అట్టివి 1300కు పైగా కలవు. వానిలో 1975 నాటి ఒకదానియందు ప్రోగ్రామరునకు కావలసిన గుణమును తెలిపెను. గణితాభిరుచి తరువాత, మాతృభాషపై అసాధారణమైన అధికారమే ఆతనికి ముఖ్యమైన ధనమట. ఆయన వ్రాతలలో హెచ్చుపాలు ఆంగ్లమున నున్నవి. మాతృభాషను మాత్రము చిన్నచూపు చూడలేదు.

పొరుగు భాషల నడుమ బ్రదుకుచు బిడ్డలను తెలుగు బడికి పంపు తల్లిదండ్రులకు, ఈ చదువు రేపటి కొలువులకు పనికివచ్చునా యను సంశయము కలుగుట సహజము. కంప్యూటరుకు ఆజ్ఞ వ్రాయుటయనగా, చెప్పదలచినదానిని ఒక్క మాటయు హెచ్చుతగ్గులు లేక చెప్పుటయే. ఆ శక్తి మొదట అలవడునది ఇంటి భాషలో. బాలబాలికలారా! రాష్ట్రభాషను, ఆంగ్లమును శ్రద్ధతో నేర్వుడు. తెలుగులో ఒక విషయమును ఐదు పంక్తులలో తేటగా వ్రాయుటయు నేర్వుడు. ఐదు పంక్తులు చాలకపోయినచో, దారి తప్పితిమేమో యని ఒకసారి వెనుదిరిగి చూచుకొనుడు.