తాళమునకు తగిన చెవి: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

జీవకణ మొక యిల్లనుకొన్నచో, దాని వాకిట గ్రాహకములను మాంసకృత్తులు కావలి కాచుచుండును. 51 అమైనో ఆమ్లముల గొలుసుకట్టైన ఇన్సులిన్ రక్తములో ప్రవహించి వచ్చి, తన ఆకృతికి సరిపడు గ్రాహకమును హత్తుకొనును. అంతట ఆ గ్రాహకము ఏ.టి.పి. అను పదార్థమునుండి ఫాస్ఫేటును గ్రహించి లోపలి పనిని ఆరంభించును. తాళపుచెవి తాళములో తిరిగినట్లే యిది జరుగును. ఆ ఏ.టి.పి.ని తొలుత కనుగొన్నవారిలో ఒకడు మన తెలుగువాడు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. ఇంట పేదఱికము, చదువున పరాజయము. మెట్రిక్యులేషను పరీక్షలో మూడవమాఱుగాని ఉత్తీర్ణుడు కాలేదు. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్.కు మాఱుగా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. ఇద్దఱు సోదరులు స్ప్రూ అను జీర్ణరోగముచే కొలది దినముల యెడములో మరణించిరి.

మామగారి సాయముతోను, దాతల విరాళముతోను అమెరికా చేరి హార్వర్డులో చదువుచు, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపనులు చేసెను. 1925లో ఫిస్కెతో కలసి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. వెలువడినవి. ఏ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. 1930లో సుబ్బారావునకు డాక్టరేటు లభించినను, హార్వర్డు స్థిరమైన పదవి నీయలేదు. 1940లో ఆయన లెడర్లె పరిశోధనాలయమున చేరెను.

అచట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదియే ఔషధమయ్యెను. పిమ్మట ఆయన సహచరులు ఆ అణువులో ఒక హైడ్రాక్సిల్ ఉన్న చోట అమైనో సముదాయమును నిలిపి ఎమినోప్టెరిన్‌ను సృష్టించిరి. ఇది దొంగచెవి వంటిది. తాళములో దూరును గాని తిరుగదు. అసలు చెవికి చోటీయదు. ఫోలిక్ ఆమ్లము నందక రక్తపు క్యాన్సరు కణములు కృశించును. 1948లో బోస్టనులో ఫార్బరు ఈ మందిచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తగ్గుముఖము పట్టెను. ఆ మేలు తాత్కాలికమే. కాని అంతవఱకు ఆ తల్లిదండ్రులకు ఏ ఆశయు లేకుండెను. ఎమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథొట్రెక్సేటు ఎంజైము గూటిలో ఎట్లు ఒదిగియున్నదో 1977లో ఎక్స్‌కిరణములు చూపినవి. నేడు కంప్యూటరుపై హార్మోనునకును గ్రాహకమునకును నమూనాలు కట్టువారు చూచునదియు ఈ ఒదుగుబాటునే.

కేతేపల్లి మొదలైన మన నల్లగొండ సీమ పల్లెలకు ఆయన పరాయివాడు కాడు. బోదకాలు నివారణకై ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర, ఆయన బృందము 1947లో లోకమునకిచ్చిన హెట్రజానే.

1948 ఆగస్టు 8వ తేదీన, 53 యేండ్ల ప్రాయమున, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూసెను. స్వదేశమున విడిచి వెళ్ళిన భార్య శేషగిరిని ఆయన మరల చూడలేదు. పరీక్ష తప్పి తలవంచుకొని నిలిచిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఈ కథను ఒకమాఱు చెప్పవలెను.