పరిగె ఏరుకున్న కోడలు: రూతు కథ

భక్తులు అనగానే మనకి ఎవరు గుర్తొస్తారు? దేవుడి దర్శనం పొందినవాళ్లు, కీర్తనలు రాసినవాళ్లు, అడవుల్లో తపస్సు చేసినవాళ్లు. మరి పొద్దున్నే పనికెళ్లి, సాయంత్రం ఇంట్లో పెద్దావిడకి అన్నం పెట్టిన మామూలు మనిషిని భక్తురాలు అనొచ్చా? యూదుల హీబ్రూ గ్రంథాల్లో అలాంటి ఒకావిడ ఉంది. పేరు రూతు. ఆవిడ పేరు మీద ఉన్న పుస్తకం నాలుగే అధ్యాయాలు. ఒక్క కూర్చోలో చదివేయొచ్చు.

ఆ పుస్తకం చెప్పే కథ ఇది. ఇశ్రాయేలులో ఇంకా రాజులు లేని కాలం. బేత్లెహేములో కరువొచ్చింది. ఆ ఊరి పేరుకి అర్థం రొట్టెల ఇల్లు. అక్కడే తిండి లేకుండా పోయిందన్నమాట! ఎలీమెలెకు అనే ఆయన భార్య నయోమిని, ఇద్దరు కొడుకుల్ని తీసుకుని మృత సముద్రానికి తూర్పున ఉన్న మోయాబుకి వలస వెళ్లాడు. అక్కడే చనిపోయాడు. కొడుకులు ఒర్పా, రూతు అనే మోయాబు అమ్మాయిల్ని పెళ్లి చేసుకున్నారు. సుమారు పదేళ్లు గడిచేసరికి ఆ ఇద్దరూ పోయారు. పిల్లలు లేరు. ఒకే ఇంట్లో ముగ్గురు వితంతువులు మిగిలారు.

సొంతూళ్లో మళ్లీ పంటలు పండుతున్నాయని విని నయోమి బయల్దేరింది. కోడళ్లని మాత్రం పుట్టిళ్లకి వెళ్లిపోయి, మళ్లీ పెళ్లి చేసుకోమని బతిమాలింది. ఒర్పా ఏడ్చి, అత్తగారిని ముద్దు పెట్టుకుని వెనక్కి వెళ్లింది. అందులో తప్పేం లేదు, గ్రంథం కూడా ఆమెని నిందించదు. రూతు మాత్రం కదల్లేదు. అత్తగారి ఊరు, జనం, దేవుడు, చివరికి సమాధి చేసే నేల కూడా ఇక తనవేనని మాటిచ్చింది.

ఇది చిన్న మాట కాదు. మోయాబు వాళ్లకీ ఇశ్రాయేలు వాళ్లకీ పాత పగ. మోయాబు వాళ్లని పదో తరం దాకా తమ సభలోకి రానివ్వకూడదని ధర్మశాస్త్రంలో కూడా ఉంది. భర్త లేడు, ఆస్తి లేదు, పైగా పరాయి దేశం మనిషి. అన్నీ తెలిసే నడిచింది.

బేత్లెహేము చేరాక ఊరి ఆడవాళ్ల ముందు నయోమి గుండె బద్దలైంది. దేవుడు తన బతుకుని చేదు చేశాడనీ, నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొచ్చాననీ వాపోయింది. అప్పుడు రూతు అక్కడే ఉంది. అంత దూరం తోడొచ్చిన తన పేరు ఆ మాటల్లో ఎక్కడా లేదు. మనమైతే ఎంత నొచ్చుకునేవాళ్లం! రూతు నొచ్చుకుందో లేదో గ్రంథం చెప్పదు. తర్వాత ఏం చేసిందో మాత్రం చెప్తుంది. పనికి వెళ్లింది.

అది యవల కోతల కాలం. పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, రాలిన వెన్నులు ఏరకూడదు, అవి పేదలకీ పరదేశులకీ వదిలేయాలి అని అక్కడి శాస్త్రం. మన పల్లెల్లో పరిగె ఏరుకోవడం అంటారు కదా, అదే. రూతు ఏరుతున్న పొలం ఎలీమెలెకు బంధువు బోయజుది. అత్తగారి కోసం ఆమె చేసింది అతను ముందే విన్నాడు. ఆమె జోలికి ఎవరూ వెళ్లొద్దని కుర్రాళ్లకి చెప్పాడు. పనల్లోంచి కావాలనే కొన్ని వెన్నులు పడేయమన్నాడు. మధ్యాహ్నం పెట్టిన పేలాల్లో తను తినగా మిగిలినవి రూతు అత్తగారికి దాచింది. సాయంత్రానికి దుల్లగొడితే సుమారు ఒక ఏఫా యవలు వచ్చాయి. ఏఫా అంటే దాదాపు 22 లీటర్లని లెక్క, మన ఇంట్లో వాటర్ క్యాన్ కంటే కొంచెం ఎక్కువే. యవల కోతలు, గోధుమ కోతలు అయ్యేదాకా ఇలాగే ఏరింది.

తర్వాత నయోమి సలహా మీద ఒక రాత్రి బోయజు కళ్లానికి వెళ్లి, తమ కుటుంబాన్ని నిలబెట్టమని అతన్నే అడిగింది. ఎవరైనా చూస్తే పరువు పోయేది. బోయజు ఆమె మర్యాద కాపాడాడు. అత్తగారి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకూడదని ఆరు కొలతల యవలు పోసి పంపాడు. ఆ ఇంటిని ఆదుకునే హక్కు తనకంటే దగ్గరి బంధువుకి ఉంది. అందుకే ఊరి గుమ్మం దగ్గర పదిమంది పెద్దల ముందు విషయం పెట్టాడు. ఆ బంధువు తన ఆస్తికి నష్టమని తప్పుకున్నాడు. బోయజు రూతుని పెళ్లి చేసుకున్నాడు.

వాళ్లకి పుట్టిన బాబుని నయోమి ఒళ్లోకి తీసుకుంది. ఏడుగురు కొడుకుల కంటే ఈ కోడలే గొప్పదని ఊరి ఆడవాళ్లు నయోమితో అన్నారు. బాబుకి ఓబేదు అని పేరు పెట్టారు. అంటే సేవించేవాడు. ఆ ఓబేదు మనవడే దావీదు రాజు.

గమనించారా? ఈ కథలో ఆకాశవాణి లేదు, అద్భుతం లేదు. రూతుకి దేవుడు కలలో కూడా కనపడలేదు. అయినా యూదులు షావుఓత్ పండుగకి ఈ కథ చదువుకుంటారు. ఇందులో మూడుసార్లు వచ్చే మాట హెసెద్. చేయాల్సిన బాధ్యతని దాటి, విడవకుండా చూపించే దయ అని చెప్పుకోవచ్చు. మన శబరి రోజూ పళ్లు ఏరుతూ రాముడి కోసం ఎదురుచూసింది. రూతు రోజూ వెన్నులు ఏరి, దుఃఖంలో ఉన్న ఒక ముసలావిడ కడుపు నింపింది.

మన ఇంట్లో కూడా మనం చేసేది కనపడనంత బాధలో ఉన్న పెద్దవాళ్లు ఉండొచ్చు. ఈ వారం వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. థ్యాంక్స్ రాకపోయినా పర్లేదు. మళ్లీ వచ్చే వారం కలుద్దాం.