హజ్రత్ ఆయిషా (రజి)పై పడిన నింద

బనీ ముస్తలిఖ్ యుద్ధయాత్ర ముగించుకుని దైవప్రవక్త ముహమ్మద్ (స) సేన మదీనాకు తిరిగి వస్తోంది. ఈ యాత్ర హిజ్రీ 5లో జరిగిందని కొందరు చరిత్రకారులు, 6లో జరిగిందని మరికొందరు రాశారు. చీటీ వేయగా పేరు రావడంతో ప్రవక్త సతీమణి, అబూబకర్ (రజి) కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి) కూడా ఆ ప్రయాణంలో వెంట వెళ్లారు. అప్పటికి ఆమె వయసు పద్నాలుగేళ్లు అటూ ఇటూగా ఉంటుంది.

మదీనాకు చేరువలో రాత్రి మజిలీ చేశారు. బయలుదేరే వేళ ఆమె కాలకృత్యాలకని దూరంగా వెళ్లి తిరిగి వచ్చేసరికి మెడలోని యెమన్ పూసల హారం కనిపించలేదు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్లారు. ఈలోగా సేవకులు ఆమె లోపలే ఉన్నారనుకుని అంబారీని ఎత్తి ఒంటెపై పెట్టేశారు. అర్ధాకలితో గడిపే ఆ రోజుల్లో ఆడవాళ్లు అంత తేలికగా ఉండేవారు. అందులోనూ ఆమె చిన్నపిల్ల. బరువు తేడా ఎవరికీ తెలియలేదు.

హారం దొరికింది కానీ సేన వెళ్లిపోయింది. తాను లేనని తెలిస్తే ఇక్కడికే వెతుక్కుంటూ వస్తారని అక్కడే కూర్చుని నిద్రలోకి జారుకున్నారు. సేన వెనుక వస్తున్న సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను గుర్తుపట్టి ఇన్నాలిల్లాహ్ పఠించారు. ఆ శబ్దానికి మెలకువ వచ్చి ఆమె ముఖం కప్పుకున్నారు. ఆయన మరో మాట మాట్లాడకుండా ఒంటెను కూర్చోబెట్టి, ఆమె ఎక్కాక పగ్గం పట్టుకుని నడిచారు. మిట్టమధ్యాహ్నం సేనను కలుసుకున్నారు.

జరిగింది ఇంతే. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబై దీన్నే పట్టుకుని అపనింద అల్లాడు. కపటుల సంగతి సరే, హస్సాన్ బిన్ సాబిత్, మిస్తహ్ బిన్ ఉసాసా, హమ్నా బిన్తె జహష్ వంటి విశ్వాసులు కూడా ఆ మాటను నోళ్లకెక్కించుకున్నారు.

మదీనా చేరగానే ఆయిషా (రజి) జబ్బుపడ్డారు. నెల రోజులు మంచంపైనే. ఊరంతా మాట్లాడుకుంటున్న సంగతి ఆమె ఒక్కరికే తెలియదు. ప్రవక్త (స) లోపలికి వచ్చి ఆరోగ్యం ఎలా ఉందని అడిగి వెళ్లిపోతున్నారే తప్ప, జబ్బు చేసినప్పుడు చూపే మునుపటి ఆప్యాయత లేదేమిటని మాత్రం మనసు పీకేది. ఒక రాత్రి మిస్తహ్ తల్లితో బయటికి వెళ్లినప్పుడు ఆ ముసలావిడ కాలికి బట్ట తగులుకుని తూలి, కొడుకును తిట్టింది. బద్ర్ యుద్ధంలో పాల్గొన్న మనిషిని తిట్టడమేమిటని ఆయిషా (రజి) ఆమెనే మందలించారు. అప్పుడు తెలిసింది అసలు సంగతి.

ప్రవక్త (స) అనుమతితో పుట్టింటికి వెళ్లారు. తల్లి ఉమ్మె రూమాన్ (రజి) ఓదార్చినా కన్నీరు ఆగలేదు. రెండు రాత్రులు, ఒక పగలు కంటికి కునుకు లేదు. ప్రవక్త (స) సలహా అడగగా ఉసామా (రజి) ఆమెలో మంచి తప్ప మరేమీ ఎరుగనన్నారు. అలీ (రజి) ఇంటి పనిమనిషిని అడగమన్నారు. పిండి కలిపి పెట్టి నిద్రపోతే మేక వచ్చి తినిపోతుంది, అంతకు మించి ఆ చిన్నదానిలో ఏ లోపమూ చూడలేదని బరీరా (రజి) చెప్పింది. ఈ ఘట్టమంతటిలో నా మనసుకు ఎప్పుడూ తట్టేది ఆ మేక సంగతే. పిండి దగ్గరే కునుకు తీసే వయసు పిల్లపైనా ఇంత నింద! సవతి అయిన జైనబ్ (రజి) కూడా మంచే చెప్పారు. నింద వ్యాపింపజేసిన హమ్నా ఆమె సొంత చెల్లెలే.

చివరికి ప్రవక్త (స) వచ్చి కూర్చుని, నిర్దోషివైతే అల్లాహ్ వెల్లడిస్తాడని, తప్పు జరిగి ఉంటే పశ్చాత్తాపం చెందమని చెప్పారు. అంతే, ఆమె కన్నీళ్లు ఇంకిపోయాయి. బదులు చెప్పమని తండ్రిని అడిగితే ఆయనకు మాట రాలేదు. తల్లీ అంతే. అప్పుడు ఆమే మాట్లాడారు. కాదన్నా మీరు నమ్మరు, చేయని తప్పు ఒప్పుకుంటే మాత్రం నమ్ముతారని అంటూ, యూసుఫ్ (అ) తండ్రి పట్టిన ఓర్పే తనకు దిక్కని చెప్పి పక్కకు తిరిగి పడుకున్నారు. ఆ దుఃఖంలో యాఖూబ్ (అ) పేరు కూడా గుర్తు రాలేదట.

ప్రవక్త (స) అక్కడి నుంచి లేవకముందే దైవవాణి అవతరించింది. నూర్ సూరాలోని 11వ ఆయతు నుంచి ఆమె నిర్దోషిత్వాన్ని ప్రకటించిన వాక్యాలవి. లేచి ప్రవక్తకు కృతజ్ఞత చెప్పమని తల్లి అంటే, అల్లాహ్‌కు తప్ప ఎవరికీ చెప్పనని ఆమె నిష్కర్షగా అన్నారు. నింద వేసి నలుగురు సాక్షులను తేలేనివారికి 80 కొరడా దెబ్బల శిక్ష కూడా ఆ సూరాలోనిదే. మిస్తహ్‌కు ఇచ్చే సహాయం ఇక ఇవ్వనని ఒట్టు పెట్టుకున్న అబూబకర్ (రజి), 22వ ఆయతు అవతరించగానే తిరిగి ఇవ్వసాగారు.

తర్వాత ఆయిషా (రజి) గొప్ప విద్వాంసురాలయ్యారు. ఆమె ద్వారా 2210 హదీసులు మనకు అందాయి. హస్సాన్ (రజి) చూపు పోయిన ముసలితనంలో వస్తే ఆదరించేవారు. మేనల్లుడు ఉర్వా ఆయన్ని నిందించబోతే, ప్రవక్త (స) తరఫున కవిత్వం చెప్పిన మనిషంటూ వారించారు.

హిజ్రీ 58లో ఆమె మరణశయ్యపై ఉండగా ఇబ్నె అబ్బాస్ (రజి) చూడవచ్చారు. పొగుడుతారేమోనని ఆమె లోపలికి రానివ్వడానికే వెనకాడారు. ఆయన వచ్చి, ఆమె నిర్దోషిత్వం ఆకాశం నుంచి దిగివచ్చిందని గుర్తు చేశారు. ఆయన వెళ్లాక ఆమె, ఎవరికీ గుర్తులేని దానిగా ఉండిపోతే ఎంత బాగుండునని అన్నారు. తనను ప్రవక్త (స) పక్కన కాక, బఖీలో మిగతా సతీమణుల చెంతనే ఖననం చేయమని కోరారు. అలాగే చేశారు.