మస్జిదె నబవీలో సేవా గుడారం
(హజ్రత్ రుఫైదా అస్లమీయ రజి జీవితం)

ఆ మధ్య మా చోడవరం నుంచి దగ్గరి బంధువు ఒకాయనను విశాఖపట్నం తీసుకువెళ్లి ఒక ఆస్పత్రిలో చేర్చాము. రాత్రిళ్లు ఆయన దగ్గర ఉండే బాధ్యత నాపై పడింది. ఒక రాత్రి ఆయనకు వేయవలసిన ఇంజక్షన్ వేయలేదు. సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లిన నర్సుకు ఆ సంగతి తెలుసు. కాని తర్వాత డ్యూటీకి వచ్చిన నర్సుతో చెప్పలేదు. చెబితే అందరి ముందు తిట్లు తినవలసి వస్తుందని భయపడింది. మరునాడు కన్నీళ్లు పెట్టుకుని ఆ అమ్మాయే విషయం ఒప్పుకుంది. అల్లాహ్ దయవల్ల మా బంధువుకు ప్రమాదమేమీ జరగలేదు.

తప్పు ఆ అమ్మాయి ఒక్కదానిదేనా? నిజం చెప్పడానికి భయపడే వాతావరణం కల్పించిన పెద్దలకు అందులో భాగం లేదా? ఈ ప్రశ్న వేధిస్తున్నప్పుడే హజ్రత్ రుఫైదా (రజి) జీవితం గుర్తుకు వచ్చింది.

ఎవరీ రుఫైదా?

ఆమె అస్లమ్ తెగకు చెందిన సహాబియా. గాయపడినవారికి చికిత్స చేయడంలో నేర్పరి. అయినవారు ఎవరూ లేని క్షతగాత్రుల సేవను ఆమె తన బాధ్యతగా స్వీకరించారు. దానికి అల్లాహ్ వద్ద లభించే పుణ్యాన్ని తప్ప మరే ప్రతిఫలాన్నీ కోరలేదు. చరిత్ర గ్రంథాలు ఆమెను గురించి చెప్పింది కొద్దిగానే అయినా, ఆ కొద్దిలోనే మనకు గొప్ప పాఠం ఉంది.

హిజ్రీ 5వ సంవత్సరం (క్రీ.శ. 627) ఖందఖ్ యుద్ధంలో ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. రక్తం ఆగలేదు. దైవప్రవక్త (స) స్వయంగా తన చేత్తో ఆ గాయానికి వాత పెట్టారు. చెయ్యి వాచినప్పుడు మరోసారి వాత పెట్టారు. సాద్ (రజి)ను దగ్గరగా ఉండి పరామర్శించడానికి వీలుగా మస్జిదె నబవీలోనే గుడారంలో ఉంచారు. ఆ గుడారంలో సేవ చేసిన మహిళే హజ్రత్ రుఫైదా (రజి).

నాయకుడు చేసిన మూడు పనులు

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మొదటిది, ఆ సేవకు లభించిన చోటు. నమాజు, విద్య, సలహా సంప్రదింపులు జరిగే మస్జిద్‌లోనే రోగి పడకకు కూడా స్థానం దొరికింది. రోగుల సేవ ఎక్కడో మూలన జరిగే చిన్న పని కాదని దీనితోనే అందరికీ తెలిసిపోయింది.

రెండవది, రోజూ పలకరింపు. దైవప్రవక్త (స) ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ దారిన వచ్చి సాద్ (రజి) పరిస్థితి అడిగి తెలుసుకునేవారు. నాయకుడే రెండు పూటలా పడక దగ్గరికి వచ్చి అడుగుతుంటే సేవ చేసేవారు ఏ విషయమైనా దాచవలసిన అవసరం ఏముంటుంది?

మూడవది, గుర్తింపు. యుద్ధాలలో క్షతగాత్రులకు సేవ చేసిన మహిళలకు విజయధనం నుంచి కానుకలు ఇచ్చేవారు. హిజ్రీ 7లో ఖైబర్‌కు బయలుదేరినప్పుడు గిఫార్ తెగ మహిళలు సేవకు వస్తామంటే దైవప్రవక్త (స) సంతోషంగా అనుమతించారు. వారిలో ఒకరు తనకు కానుకగా లభించిన హారాన్ని జీవితాంతం మెడలోనే ఉంచుకున్నారు.

ఇటువంటి వాతావరణంలో సేవకులు ఒక్కరుగా మిగిలిపోరు. హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధాలలో పాల్గొని వంట చేశారు, గాయాలకు కట్లు కట్టారు, రోగులను చూసుకున్నారు. హజ్రత్ రుబయ్యి (రజి) నీళ్లు అందించి, క్షతగాత్రులను మదీనాకు చేర్చారు. ఒకరి పని ఎక్కడ ఆగితే అక్కడ మరొకరు అందుకున్నారు.

చివరకు హజ్రత్ సాద్ (రజి) గాయం తిరగబడి ఆయన షహీద్ అయ్యారు. ప్రాణం అల్లాహ్ చేతిలో ఉంది. చిత్తశుద్ధితో సేవ చేయడం మాత్రమే మనిషి చేతిలో ఉంది.

నేటి ఆస్పత్రులకు పాఠం

క్రిమియా యుద్ధంలో 1854లో ఫ్లోరెన్స్ నైటింగేల్ చేసిన సేవను లోకమంతా స్మరిస్తుంది. అది న్యాయమే. దానికి పన్నెండు శతాబ్దాలకు పైగా ముందే మదీనాలో ఈ గుడారం వెలిసిందన్న సంగతి మన పిల్లలకు కూడా తెలియాలి. ఢిల్లీలోని జామియా హమ్‌దర్ద్‌లో నర్సింగ్ కళాశాలకు రుఫైదా పేరే పెట్టారు.

ఆస్పత్రులలో బాధ్యతగల స్థానాలలో ఉన్న సోదర సోదరీమణులారా! డ్యూటీ మారే వేళ మీరు వార్డులో నిలబడి రోగి సంగతి అడగండి. పొరపాటు చెప్పిన నర్సును అందరి ముందు అవమానించకండి. ముందు రోగిని చూడండి, తర్వాత ఆ పొరపాటు ఎందుకు జరిగిందో కలిసి తెలుసుకోండి. రోగి వెంట వచ్చే మనమూ వారిపై కేకలు వేయకుండా ఉందాం. రాత్రంతా నిలబడి పనిచేసే ఆ అమ్మాయి కూడా ఒక ఇంటి బిడ్డే.

మా బంధువు డిశ్చార్జి అయిన రోజున ఆ నర్సు దగ్గరికి వెళ్లి కృతజ్ఞతలు చెప్పాను. ఆమె నిజం ఒప్పుకున్నందుకు కూడా.

రోగుల సేవకులకు అల్లాహ్ ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక! వారిపై అధికారం ఉన్నవారికి మృదుత్వాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.